ఎస్‌ఎస్‌ఐ భృతి తగ్గకుండా స్కాలర్‌షిప్ తీసుకోవడం ఎలా?

అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్న 19 ఏళ్ల అమ్మాయి కాలేజీ ఖర్చు గురించి. ప్రోగ్రామ్‌కు సీటీపీ (మేధో వైకల్యం ఉన్న విద్యార్థుల కాలేజీ ప్రోగ్రామ్‌లకు ఇచ్చే ఫెడరల్ గుర్తింపు) ఆమోదం ఉంటే మామూలు హైస్కూల్ డిప్లొమా లేకపోయినా ఫాఫ్సా (ప్రభుత్వ విద్యా సాయం దరఖాస్తు) నింపి, తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయమైన పెల్ గ్రాంట్ అడగవచ్చు. ఫెడరల్ రుణం మాత్రం రాదు. ఆమోదం లేకపోతే ఆ దారే లేదు. చాలామంది ఫీజు కట్టాక గాని ఇది చూసుకోరు. మిగతా సొమ్ముకు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి చదువుకు సాయం చేసే రూబీస్ రెయిన్‌బో సంస్థ గ్రాంట్ కోసం అప్లై చేయాలని ఆలోచన.

అసలు చిక్కు, వైకల్యం ఉండి ఆదాయం తక్కువగా ఉన్నవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ. ట్యూషన్, ఫీజులకు వాడిన స్కాలర్‌షిప్‌ను ఆదాయంగా లెక్కించరు, గది అద్దెకు వాడితే లెక్కిస్తారు. ఇలాంటి సాయం తీసుకున్నవారిని అడుగుతున్నాను: గ్రాంటు నేరుగా కాలేజీకి వెళ్లినప్పుడు, అది ట్యూషన్‌కే సర్దినట్టు కాలేజీ నుంచి ఏ కాగితం తీసుకున్నారు? ఎస్‌ఎస్‌ఐ చూసే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు ఫీజు రసీదు సరిపోయిందా, విడిగా ఉత్తరం కూడా అడిగారా? అద్దెను ఏబుల్ ఖాతా (వైకల్యం ఉన్నవారు ఎస్‌ఎస్‌ఐ పోకుండా డబ్బు దాచుకునే ఖాతా) నుంచి కడుతున్నవారుంటే, అదే నెలలో తీసి కట్టేస్తున్నారా?