రోజుకు 2 సిల్వర్‌కి డంజన్‌లోకి దిగే కూలీ దొరుకుతాడా?

బనశంకరి_డీఎం

బెంగళూరులో ఆదివారాలు ఆడే తెలుగు టేబుల్ కోసం అడుగుతున్నాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలుగా మారి, డంజన్ అనే ప్రమాదకరమైన నేలమాళిగల్లోకి దిగే పాచికల ఆట) 5వ ఎడిషన్, 2014 రూల్స్. నలుగురు ప్లేయర్లు, 3వ లెవెల్, చేతిలో 400 గోల్డ్. పని తెలియని కూలీకి రోజుకు 2 సిల్వర్, పనిమంతుడికి 2 గోల్డ్ అని ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఉంది. ఆ లెక్కన ఇరవై మందిని పెట్టుకున్నా రోజుకు 4 గోల్డే. వాళ్లని ముందు నడిపించి ట్రాప్‌లు తొక్కిస్తామంటున్నారు. రూల్ చూపించి కాదనలేను, ఒప్పుకుంటే డంజన్‌లో భయమే మిగలదు. కూలి పెంచాలా? పెంచితే ఎంత?

చిక్కపేట_లెక్కలు

ఊళ్లో కూలి పెంచొద్దండీ. 2 సిల్వర్ అంటే 20 కాపర్. అదే పుస్తకంలో పౌను (అర కిలోకి కాస్త తక్కువ) పిండి 2 కాపర్, కోడి 2 కాపర్, పేద బతుకు ఖర్చు రోజుకు సరిగ్గా 2 సిల్వర్. పొద్దున వచ్చి రాళ్లు మోసి, సాయంత్రం ఇంటికెళ్లే మనిషి రేటు అది. తిరిగొస్తాడో రాడో తెలియని పనికి ఆ రేటు వాడటం దగ్గరే లెక్క తప్పుతోంది.

మీ ప్లేయర్లు వదిలేసిన పద్దు బత్తెం. ఊరు దాటిస్తే తిండి పెట్టుకునేవాడిదే. రేషన్ రోజుకు 5 సిల్వర్, అంటే కూలికి రెండున్నర రెట్లు. ఇరవై మందికి ఆరు రోజుల రేషన్ 60 గోల్డ్, బరువు 240 పౌన్లు. కూలీలు మోసేది ముందు వాళ్ల తిండే.

పొదుపుగా వెళ్లే ట్రిప్ ఎలా ఉంటుందో చూడండి. వెళ్లడానికి రెండు రోజులు, లోపల రెండు, రావడానికి రెండు. ముగ్గురు హమాలీలు, కాగడా పట్టేవాడు ఒకడు, కిరాయి సిపాయి ఒకడు. దారిలో పుస్తకం రేటే. లోపల మాత్రం హమాలీకి, కాగడా మనిషికి రోజుకు 1 గోల్డ్, సిపాయికి 4. ఈ లోపలి రేటు నేను పెట్టేది, రూల్ కాదు. నలుగురు కూలీలకు 11 గోల్డ్ 2 సిల్వర్, సిపాయికి 16, ఐదుగురి రేషన్‌కి 15. కాగడా గంటే వెలుగుతుంది కాబట్టి లోపలి రెండు రోజులకు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున 16 కాగడాలు, తడిసేవాటికి ఇంకో నాలుగు, అన్నిటికీ 2 సిల్వర్. మొత్తం 42 గోల్డ్ 4 సిల్వర్.

ఇక ట్రాప్‌ల సంగతి. బయల్దేరే ముందే సగం కూలి బయానాగా ఇంటివాళ్ల చేతిలో పెట్టాలి, చనిపోతే ఏడాది కూలి ఇవ్వాలి అని ఒప్పందం రాయించండి. ఏడాదికి 730 సిల్వర్, అంటే 73 గోల్డ్. హీలింగ్ పోషన్ 50 గోల్డ్. కూలీ పడిపోతే పోషన్ పోయడమే చవక అని ప్లేయర్లకి వాళ్లంతట వాళ్లకే తడుతుంది. మామూలు కామనర్‌కి, అంటే సాదా ఊరి మనిషికి, ఉండేది 4 హిట్ పాయింట్లు (దెబ్బ తట్టుకునే శక్తి). ఒక్క బాణం చాలు.

మోరేల్_రోల్

పై లెక్క బాగుంది. కానీ డబ్బుతోనే ఆపితే, ఐదో లెవెల్‌కి వచ్చి 73 గోల్డ్ లెక్కచేయని పార్టీ మళ్లీ అదే పని చేస్తుంది. అసలు పగ్గం మోరేల్, అంటే పారిపోకుండా నిలబడే ధైర్యం. 1981 నాటి బేసిక్ రూల్స్‌లో రిటైనర్ల (వెంట వచ్చే జీతగాళ్ల) సంఖ్యా మోరేలూ రెండూ పెట్టుకునేవాడి కరిజ్మా (మనుషుల్ని ఆకట్టుకునే గుణం) మీదే ఉంటాయి. కరిజ్మా 9 నుంచి 12 అయితే నలుగురే, మోరేల్ 7. కరిజ్మా 18 ఉంటే ఏడుగురు, మోరేల్ 10. రెండు డీ6లు (ఆరు ముఖాల పాచికలు) వేసి, మోరేల్ కంటే ఎక్కువ పడితే పారిపోతారు. మోరేల్ 7 ఉన్నవాడు నిలబడే అవకాశం 58 శాతం, 10 ఉన్నవాడికి 92. ఇరవై మందిని పెట్టుకోవడం అక్కడితోనే కట్.

రోల్ ఎప్పుడంటే: తమవైపు మొదటి ప్రాణం పోయినప్పుడు, సగం మంది పడిపోయినప్పుడు. "నువ్వు ముందు వెళ్లి ఆ పలక తొక్కు" అని చెప్పిన క్షణాన కూడా వేయించండి, అది నా చేర్పు. ఫెయిలైతే ఒక్కడే పోడు, కాగడా పట్టుకొని పోతాడు. వెలుగు అతని చుట్టూ 20 అడుగులే, ఆపైన ఇంకో 20 అడుగులు మసక. పార్టీలో చీకట్లో చూడలేని మనిషి ఒక్కడున్నా ఆ పరుగు విలువ అర్థమవుతుంది.

బనశంకరి_డీఎం

థాంక్స్ అన్నా. అదే 1981 సెట్లలో కాలిబంటుకి నెలకు 2 గోల్డ్, విలుకాడికి 5 అని చూశాను. జీతాలు కూడా అక్కడివే తీసుకోవచ్చా?

మోరేల్_రోల్

వద్దు బ్రో. అక్కడ నెలకు 2, ఇక్కడ పనిమంతుడికి రోజుకు 2. కలిపితే సిపాయి ముప్పై రెట్లు చవకైపోతాడు. పైగా ఆ సిపాయిలు యుద్ధానికీ కోట కాపలాకీ, సాధారణంగా డంజన్‌లోకి రారు. ఇదే ఆట 3.5 ఎడిషన్‌లోనైతే పని తెలియనివాడికి 1 సిల్వర్, తెలిసినవాడికి 3, తేడా మూడు రెట్లే. 5వ ఎడిషన్‌లో అది పది రెట్లయింది, మధ్యలో మెట్టే లేదు. వంటవాడు, బండి తోలేవాడు, సగం పని నేర్చిన కుర్రాడు లాంటివాళ్లకి 5 సిల్వర్ నుంచి 1 గోల్డ్ పెట్టండి. మోరేల్ మాత్రం ధైర్యంగా అరువు తెచ్చుకోండి, దానికి ధరలతో సంబంధం లేదు.

గాడిద_బరువు

మోత గురించి ఎవరూ చెప్పలేదు. స్ట్రెంత్ 10 ఉన్న హమాలీ 150 పౌన్లు మోస్తాడని అందరూ రాసేసుకుంటారు. ఎన్‌కంబరెన్స్ వేరియంట్ (బరువుని బట్టి నడక తగ్గించే ఐచ్ఛిక రూల్) వాడితే 50 పౌన్లు దాటగానే నడక 10 అడుగులు తగ్గుతుంది, 100 దాటితే 20. ఆరు రోజుల రేషన్ 12 పౌన్లు, నీళ్లతిత్తి 5. మిగిలేది 33. పౌనుకి 50 నాణేలు కాబట్టి 1650 నాణేలు. అవి గోల్డయితే సరే. కాపర్ అయితే పదహారున్నర గోల్డ్ విలువ, అందులో ఆ మనిషి కూలీ తిండీ కలిపి 5 గోల్డ్ 8 సిల్వర్ పోతుంది. కాపర్ గుట్ట దగ్గర ప్లేయర్లు నిజంగా ఆలోచించాలి.

కంచరగాడిద 8 గోల్డ్, 420 పౌన్లు మోస్తుంది, మేత రోజుకు 5 కాపర్. కానీ నిచ్చెన దిగదు. దాన్ని గుహ బయట కట్టేసి, ఒక మనిషిని కాపలా ఉంచి, హమాలీలతో లోపల నుంచి గుమ్మం దాకా మోయించడమే కుదిరే పద్ధతి. ఆ కాపలా మనిషిని లెక్కలో మరిచిపోతే తిరిగొచ్చేసరికి గాడిద ఉండదు.

చిక్కపేట_లెక్కలు

ఇంకొకటి, మనుషులు ఎక్కడ దొరుకుతారన్నది. 1537లో కెంపేగౌడ వేసిన మన పాత పేటనే చూడండి: కుమ్మర్లది కుంబారపేట, గానుగవాళ్లది గాణిగరపేట, బియ్యం అక్కిపేటలో. మీ ఊరి మ్యాప్‌లో కూడా పనివాళ్లని వీధుల వారీగా పెట్టండి. పనిమంతుడు కావాలంటే ఆ వీధి పెద్దతో మాట్లాడాలి, కూలీలు కావాలంటే మేస్త్రితో. మేస్త్రి మనిషికి రోజుకు 2 కాపర్ తీసుకుంటాడు. వారానికి రెండు డీ4లు (నాలుగు ముఖాల పాచికలు) వేయండి, దిగడానికి ఒప్పుకునేవాళ్లు అంతమందే. కోతల కాలంలో ఒక్కటే డీ4. ఒక్కో చావుకీ వచ్చే నెలంతా ఒకరిని తగ్గించండి, ఇంటికి 73 గోల్డ్ చేర్చినట్టు ఊరికి తెలిస్తే తగ్గించకండి.

చెల్లింపు సిల్వర్‌లో చేయించండి, గోల్డ్‌లో వద్దు. పల్లెలో గోల్డ్ నాణేనికి చిల్లర ఇచ్చేవాడు ఉండడు. బయల్దేరే ముందు ప్లేయర్లు చిల్లర మార్చుకున్నారో లేదో అడగండి.