అస్సాం టీ తోటల బిళ్ళలు: చిల్లర కొరత తీర్చడానికా, కూలీని కట్టేయడానికా?

నాణేలపెట్టె:
అస్సాం, సిల్హెట్ టీ తోటల పాత టోకెన్లు (కూలీలకు డబ్బుకు బదులు ఇచ్చిన లోహపు బిళ్ళలు) సేకరించేవాళ్ళు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. వీటిని బానిసత్వపు బిళ్ళలు అని రాస్తేనే నిజాయితీ అని ఈ మధ్య ఒకరు వాదించారు. నేను ఒప్పుకోను. 1865 చట్టం తోట కూలీలకు నెలకు కనీసం మగవాళ్ళకు 5 రూపాయలు, ఆడవాళ్ళకు 4, పిల్లలకు 3 అని పెట్టింది. అంటే మగమనిషికి రోజుకు మూడు అణాలకు అటూ ఇటూ. అడవి మధ్యలో వందల మందికి ఆ లెక్కన పంచాలంటే అంత చిల్లర ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే తోట పేరు కొట్టిన బిళ్ళను హాజిరీకి, అంటే ఒక రోజు పనికి, ఒకటి చొప్పున ఇచ్చి, తర్వాత డబ్బు లెక్కగట్టేవారు. సేకర్త లోహం, ఆకారం, తోట పేరు రాసుకోవాలి, అంతే. తీర్పు చెప్పడం మన పని కాదు.

ఉత్తరాంధ్ర:
చిల్లర కొరత నిజమేనండీ, కాదనను. కానీ మీరు చెప్పిన అదే 1865 చట్టం, పారిపోయిన కూలీని వారెంటు లేకుండా పట్టుకునే అధికారం కూడా దొరలకు ఇచ్చింది, అది 1908 దాకా నడిచింది. 1859 చట్టం కింద ఒప్పందం మధ్యలో పని మానేస్తే జైలుకు కూడా పంపేవాళ్ళు. అలాంటి చోట చేతికొచ్చిన కూలి తోట పొలిమేర దాటితే చెల్లని ముక్క అయినప్పుడు దాన్ని ఉత్త చిల్లర అని ఎలా అంటాం? రూపాయి ఉంటే రైలెక్కి ఇంటికి పోవచ్చు, బిళ్ళతో పోలేరు. పైగా ఇది మనకు దూరపు సంగతేం కాదు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా కూలీలను అస్సాం తీసుకెళ్ళారు, అక్కడి తోటల్లో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మనవాళ్ళ కష్టాన్ని ముచ్చటైన అరుదైన వస్తువు అని వేలానికి పెడితే నాకు మనసొప్పదు.

రాగిపైసా:
తోట పక్క సంతలో వ్యాపారులు ఈ బిళ్ళలు తీసుకుని తర్వాత మార్చుకునేవారు, అంటే కొంత దూరమైనా చెల్లేవి. ఇంకోటి, 1889లో లోహపు టోకెన్ల చట్టం వచ్చింది, ప్రైవేటువాళ్ళు డబ్బులా వాడే లోహపు ముక్కలు చేయకూడదని. ఆ చట్టం కాపాడాలనుకున్నది సర్కారు నాణేన్ని, కూలీని కాదు. ఇది రెండు వైపులవాళ్ళూ గుర్తుపెట్టుకోవాలి.

ఉత్తరాంధ్ర:
సంత కూడా తోట పక్కదే కదా. 1921 మేలో సిల్హెట్‌లోని చర్గోలా లోయ తోటల నుంచి వేలమంది పని వదిలేసి చాంద్‌పూర్ దాకా వచ్చి, అక్కడి రైల్వే స్టేషన్లో గూర్ఖా సిపాయిల చేత దెబ్బలు తిన్నారు. కూలి చాలక, చేతిలో దారి ఖర్చుకు కూడా లేక బయల్దేరినవాళ్ళు. చర్గోలా తోట బిళ్ళ పక్కన మనం పెట్టుకునే వివరాల కార్డు మీద ఈ మాట ఒక్క లైను రాస్తే వచ్చే నష్టమేంటి?

పాతసంచి:
కార్డు మీద ఏం రాస్తామన్న గొడవకన్నా ముందు జరుగుతున్న నష్టం ఒకటుంది. ఒకే తోట బిళ్ళలు సంచీగా దొరికితే డీలర్లు విడగొట్టి ఒక్కొక్కటి అమ్మేస్తున్నారు. కొన్ని తోటల్లో మగ, ఆడ, పిల్లల హాజిరీకి వేరువేరు సైజులు, ఆకారాలు ఉండేవి. అన్నీ కలిపి చూస్తేనే చిన్న బిళ్ళ పిల్లల కూలి అని పట్టుకోగలం, చాలావాటి మీద విలువే రాసి ఉండదు మరి. విడిపోయాక ఆ సాక్ష్యం పోయినట్టే. చింతపండు పెట్టి తళతళా తోమేవాళ్ళను చూస్తే ఇంకా బాధ, చేతులు మారి అరిగిన గుర్తు, తోట మేనేజరు కొట్టించిన అదనపు ముద్ర, అన్నీ పోతాయి. దయచేసి తోమకండి. ఎక్కడ, ఎవరి దగ్గర కొన్నారో రాసి పెట్టండి.

నాణేలపెట్టె:
సంచి విడగొట్టకూడదన్నది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. చర్గోలా బిళ్ళకు 1921 సంగతి రాయడానికీ అభ్యంతరం లేదు. కానీ సంవత్సరం లేని బిళ్ళ 1908కి ముందుదో తర్వాతిదో తెలియకుండా అరెస్టుల చట్టం దాని మెడకు కట్టను.

పాతసంచి:
న్యాయమే. అయితే తోట ఎప్పుడు నాటారో, ఏ కంపెనీ చేతికి ఎప్పుడు వెళ్ళిందో వెతకండి నాణేలపెట్టె గారూ. బిళ్ళ మీది పొడి అక్షరాలు పాత కంపెనీవో కొత్తదానివో తేలితే కాలం చాలావరకు తెలిసిపోతుంది. మీ దగ్గరున్నవాటి ఫోటోలు రెండు వైపులా పెట్టండి, కలిసి చూద్దాం.