మడ చెట్ల కింద మొలకలు నిలవడం లేదు, కొమ్మలు కొట్టి వెలుతురు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది కోరంగి దగ్గరండీ. మా రొయ్యల చెరువుల అవతల పాయ పొడుగునా ఒత్తుగా మడ ఉంది. వానాకాలం కాయలు రాలాక బురదలో ఎక్కడ చూసినా మొలకలే, ఎండలు ముదిరేసరికి ఒక్కటీ మిగలడం లేదు. ఓక్ అడవుల్లో పై గుబురు పలచన చేస్తే మొక్కలు లేస్తాయని చదివాను, ఇక్కడా అలా చేయొచ్చా? 1996 తుఫానులో మా ఊరిని కాచింది ఈ మడేనని పెద్దవాళ్ళు చెబుతారు, అందుకే టెన్షన్.

జవాబు: ముందైతే కత్తి పట్టకండి. కోరంగి అభయారణ్యం హద్దులో కొమ్మ కొట్టడం నేరం, బయట ఉన్న మడకీ తీరప్రాంత నియమాల రక్షణ ఉంది. నీడ వల్లే మొలకలు పోతున్నాయన్న మీ అనుమానం మాత్రం సరైనదే. తెల్లమడ, నల్లమడ రెండూ ఎండ కోరే చెట్లు. కాయ తొక్క ఊడగానే మడతపడి ఉన్న రెండు ఆకుపచ్చ పప్పులు విచ్చుకుంటాయి, మొదట్లో మొలక బతికేది వాటిలో ఉన్న ఆహారంతోనే, అది అయిపోయాక నీడలో తిండి చాలక సన్నగా సాగి, వేసవిలో నేలలో ఉప్పు పెరిగేసరికి చచ్చిపోతుంది. ఓక్ మొలక అలా కాదు, నీడలో పైకాండం ఎండినా వేరు నుంచి మళ్ళీ చిగురేసి కొన్నాళ్ళు ఆగగలదు, కాబట్టి సమయం చూసి గుబురు పలచన చేస్తే అందుకుంటుంది. మన దగ్గర మడలోనే ఇంకో రకం చెట్టు ఉప్పుపొన్న కొంత నయం, ములక్కాడలా పొడుగ్గా ఉండే దాని మొలకలో నిల్వ ఎక్కువ. మీ మడ గురించి బెంగ వద్దు. గాలికి పెద్ద చెట్టు ఒకటి పడితే చాలు, ఆ ఖాళీలో తర్వాత రాలిన కాయలే లేచి నిలబడతాయి.

ప్రశ్న: మరి వెనకవైపు చౌడు తేలిన ఖాళీ ఉందండీ, రోజంతా ఎండే, అక్కడా ఏమీ మొలవదు?

జవాబు: అక్కడ కొరత వెలుతురుది కాదండీ, నీళ్ళది. పోటు నీరు ఎక్కని చోట నేల ఎండి ఉప్పు పేరుకుంటుంది. చెరువు గట్టు నీటి దారికి అడ్డం పడిందేమో అమావాస్య పోటుకి వెళ్ళి చూడండి. కోరంగిలో ఇలాంటి నేలల్లోనే చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటుకి నీళ్ళు లోపలికి వచ్చి పాటుకి బయటికి పోయేలా చేసి మడ నాటారు. మీ ఊరి వన సంరక్షణ సమితి (అటవీ శాఖతో కలిసి అడవిని చూసుకునే ఊరివాళ్ళ సంఘం) ద్వారా అటవీ శాఖ వాళ్ళని అడగండి. గుబురు కింద ఎటూ బతకని కాయల్ని ఏరి అక్కడ వేసుకోవడానికి కూడా అప్పుడే అనుమతి అడిగేయండి. నాటాక గేదెల్ని మాత్రం అటు దిగనివ్వొద్దు, లేత మడ ఆకు కనిపిస్తే వదలవు.