కడపలో కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే చదువు, బీమా సంగతి ఎలా తెలుసుకోవాలి?

ఎర్రముక్కపల్లి టీచర్:

అందరికీ నమస్కారం. నేను కడపలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. సంక్రాంతి సెలవుల్లో నీళ్ల బిందె ఎత్తబోతే నడుం పట్టేసింది. పట్టు వదిలింది కానీ, ఇప్పుడు కాసేపు వంగి కూర్చుంటే చాలు, కుడి పిరుదు నుంచి పిక్క దాకా జివ్వున లాగుతోంది.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలు, వెన్నెముకను చేత్తో సర్దే కైరోప్రాక్టర్‌కు చూపించుకోమని పట్టుబడుతోంది. అక్కడ తనకు తగ్గిందట, ఫీజులో చాలా భాగం బీమా కంపెనీయే కట్టిందట. ఊళ్లో ఆ పేరుతో బోర్డు పెట్టిన ఒక చోటికి వెళ్లాను. పేరు ముందు డాక్టర్ అని ఉంది, పేరు తరువాత నాలుగైదు పొడి అక్షరాలు ఉన్నాయి. నన్ను కూర్చోబెట్టి పది సిట్టింగుల ప్యాకేజీ ధర చెప్పారు, మొత్తం ముందే కడితే తగ్గిస్తామన్నారు. ఏం చదివారని అడిగితే గోడమీది ఫ్రేముల వైపు చూపించారు. బీమా మాటెత్తితే, ‘బిల్లు ఇస్తాం, క్లెయిమ్ మీరు చేసుకోండి’ అన్నారు.

మా ఆయన పేరు మీద ఇంటిల్లిపాదికీ కలిపి 5 లక్షల పాలసీ ఉంది. అందులో ఇది వస్తుందా? ఆ పొడి అక్షరాలను ఎలా నమ్మాలి? మా అత్తగారేమో పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకోమంటున్నారు. తెలిసినవారు చెప్పండి.

కర్నూలు ఫిజియో:

అమ్మా, నేను కర్నూలులో ఫిజియోథెరపిస్టును. డబ్బు కట్టక ముందే అడిగారు, చాలా మంచి పని చేశారు.

ముందు కాలి సంగతి. నొప్పి పిక్క దాకా దిగుతోందంటే నడుము దగ్గర నరం ఒత్తుకుంటోందేమో చూడాలి. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలిని మెల్లగా పైకెత్తుతారు. 30 నుంచి 70 డిగ్రీల మధ్యలో ఎక్కడో మోకాలు దాటి కిందికి నొప్పి పాకితే నరం మీద అనుమానం పెట్టుకోవాలి. తరువాత మీ కాలి బొటనవేలి మీద తమ వేలు ఆనించి, గట్టిగా పైకి లేపమంటారు. ఒక కాలి వేలు గట్టిగా లేచి రెండోది లొంగిపోతే, ఏ నరం బలహీనపడిందో అక్కడే తెలిసిపోతుంది. రెండు నిమిషాల పని. మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టనైనా లేదు, పది సిట్టింగులు కావాలని ఆయనకు ఎలా తెలిసింది? నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇక బోర్డు సంగతి. కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో డి.డి. పామర్ మొదలుపెట్టిన పద్ధతి. అక్కడ దానికి కాలేజీలు ఉన్నాయి, ప్రతి రాష్ట్రంలోనూ లైసెన్సు ఉంది. మన దేశంలో కైరోప్రాక్టర్లను నమోదు చేసుకునే చట్టబద్ధమైన మండలి లేదు. అందుచేత ఒకే బోర్డు వెనుక ముగ్గురు వేరువేరు మనుషులు ఉండవచ్చు. విదేశంలో ఏళ్ల తరబడి చదివి వచ్చినవారు ఒకరు, బీపీటీ అనే ఫిజియోథెరపీ డిగ్రీ చేసి ఆపైన వెన్ను సర్దడం నేర్చుకున్న ఫిజియో ఇంకొకరు, కొద్దిరోజుల శిక్షణకు వెళ్లి పత్రం తెచ్చుకున్నవారు మరొకరు. నేను చదివిన రోజుల్లో బీపీటీ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు. ముగ్గురి ఫ్రేములూ గోడ మీద ఒకేలా మెరుస్తాయి.

డిగ్రీ పూర్తి పేరేమిటి, ఏ విశ్వవిద్యాలయం, ఎన్నేళ్ల చదువు, రిజిస్ట్రేషన్ సంఖ్య ఎంత, ఎవరిచ్చారు? ఇవన్నీ మొహమాటం లేకుండా అడగండి. ఎంబీబీఎస్ అని చెబితే జాతీయ మెడికల్ కమిషన్ వెబ్‌సైటులో ఆ సంఖ్యతో పేరు వెతుక్కోవచ్చు. విదేశీ లైసెన్సు అంటే, ఇచ్చిన దేశపు బోర్డు వెబ్‌సైటులో చూసుకోవచ్చు. కష్టపడి చదివినవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు, ఇంకా ఉత్సాహంగా చెబుతారు.

వెన్ను సర్దడాన్ని నేను తప్పుపట్టడం లేదు. మామూలు నడుం నొప్పిలో అది కొందరికి ఉపశమనం ఇస్తుంది. ‘టక్’మన్నంత మాత్రాన ఎముక దారిలో పడిందని అనుకోకండి. కీలులోని ద్రవంలో గాలి బుడగ ఏర్పడిన చప్పుడు అది, మెటికలు విరిచినప్పుడు వచ్చేదే. మెడను మాత్రం ఒక్క ఊపున తిప్పనివ్వకండి. అరుదే అయినా, మెడలోని రక్తనాళం లోపలి పొర చీలి పక్షవాతం దాకా వెళ్లే ప్రమాదం ఉంది. ఎముకలు గుల్లబారినవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వెన్ను సర్దించుకోవడానికి వెళ్లనే కూడదు.

మూత్రం బిగుసుకుపోయినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం వేలాడిపోయినా తెల్లవారేదాకా ఆగకండి. అప్పటికప్పుడు పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.

అనంత క్లెయిములు:

అక్కా, నేను అనంతపురంలో ఆరోగ్య బీమా క్లెయిముల పని చూస్తాను. మీ పాలసీ పుస్తకంలో మొదట నిర్వచనాల పేజీ తీయండి. ‘మెడికల్ ప్రాక్టీషనర్’ అంటే ఎవరో అక్కడ రాసి ఉంటుంది: రాష్ట్ర లేదా జాతీయ వైద్య మండలిలోనో, భారతీయ వైద్యం లేదా హోమియోపతి మండలిలోనో నమోదైన వ్యక్తి. ఫిజియో అన్న పైన చెప్పినట్టు కైరోప్రాక్టర్లకు ఇక్కడ మండలే లేదు. కాబట్టి వారి బిల్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఆయుష్ కింద వస్తుందని కొందరు చెబుతున్నారు, అది కూడా నిజం కాదు. ఆయుష్‌లో ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియోపతి ఉన్నాయి. కైరోప్రాక్టిక్ లేదు.

రెండో మెట్టు ఓపీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం. మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. ఓపీ రైడర్ (పాలసీకి అదనంగా జోడించుకునే భాగం) తీసుకుని ఉంటేనే రోజువారీ సిట్టింగులకు ఆశ, అది కూడా అందులో ఫిజియోథెరపీ అని రాసి ఉంటేనే. డిస్కు జబ్బులకు చాలా పాలసీల్లో రెండేళ్ల నిరీక్షణ కాలం ఉంటుంది, అది పూర్తయ్యేదాకా వాటికి క్లెయిమ్ రాదు, మీ పాలసీ ఎప్పుడు మొదలైందో చూసుకోండి. ఒకవేళ ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, ఇంటికి వచ్చాక వైద్యుడు రాసిచ్చిన ఫిజియోథెరపీకి డబ్బు వచ్చే వీలుంది. సాధారణంగా 60 లేదా 90 రోజుల గడువు ఉంటుంది.

‘బిల్లు ఇస్తాం’ అన్న మాటకు విలువ లేదు. ఎవరి సంతకం, ఏ రిజిస్ట్రేషన్ సంఖ్య అన్నదే మేము చూస్తాం. డబ్బు కట్టే ముందు కంపెనీకి ఈమెయిల్ పంపి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన మాట రేపు పనికిరాదు.

టెక్సాస్‌లో ప్రొద్దుటూరు:

మీ చెల్లెలు చెప్పింది ఇక్కడికి సరిపోతుంది. ఇక్కడ కైరోప్రాక్టర్‌కు డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్ డిగ్రీ, జాతీయ బోర్డు పరీక్షలు, రాష్ట్ర లైసెన్సు ఉండాలి. అయినా బీమా అన్నింటికీ కట్టదు. చాలా ప్లాన్లలో ఏడాదికి ఇన్ని సందర్శనలని హద్దు ఉంటుంది, నెట్‌వర్కులో లేనివారి దగ్గరికి వెళితే భారం మన మీదే. పెద్దవారికి ఇచ్చే ప్రభుత్వ బీమా మెడికేర్ అయితే చేత్తో వెన్నెముక సర్దడానికి మాత్రమే ఇస్తుంది. కైరోప్రాక్టర్ తీయించిన ఎక్స్‌రేకు, మసాజుకు ఇవ్వదు.

ఎర్రముక్కపల్లి టీచర్:

అందరికీ కృతజ్ఞతలు. పాలసీ తీసి చూశాం, ఓపీ రైడర్ లేదు. అడ్వాన్సు కట్టడం లేదు. పుత్తూరు కట్టు సంగతి ఎవరూ చెప్పలేదు, అత్తగారికి ఏమని చెప్పను? ఇక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి రిమ్స్‌కు వెళితే నేరుగా ఎమ్మారై తీయించమని అడగనా?

కర్నూలు ఫిజియో:

పుత్తూరు కట్టుకు పేరు వచ్చింది విరిగిన ఎముకలకు అని అత్తగారికి చెప్పండి. మీకు ఎముక విరగలేదు, నరం లాగుతోంది. ఆ మాట పెద్దావిడ ఒప్పుకుంటారు.

ఎమ్మారై మీరుగా అడగకండి. రిమ్స్ ఎముకల విభాగం ఓపీలో చూపించండి, కాలు పైకెత్తి, వేలి బలం చూసి, అవసరమైతే వారే రాస్తారు. ఇలాంటి నొప్పులు చాలామందికి కొన్ని వారాల్లో మందులతో, వ్యాయామంతో సర్దుకుంటాయి. అంతదాకా మంచం పట్టకండి, నొప్పి పెరగనంత మేర నడవండి. ఫిజియోకు పంపితే చీటీ మీద జబ్బు పేరు, ఏ వ్యాయామం, ఎన్ని వారాలు అన్నది రాయించుకోండి. ఆ చీటీ చేతిలో ఉంటే మీరు కడపలో చేయించుకున్నా, బీపీటీ చదివిన వేరే ఎవరి దగ్గరికి వెళ్లినా, మళ్లీ మొదటి నుంచి ప్యాకేజీ మాట వినాల్సిన పని ఉండదు.