వాచీలో పిన్ తీసేసి నడకనే గుర్తింపుగా పెట్టొచ్చా?

ఎంబెడెడ్_రావు: ఇప్పుడు స్మార్ట్‌వాచీని చేతికి పెట్టుకుని ఒకసారి పిన్ కొడితే, తీసేదాకా తెరిచే ఉంటుంది. యాపిల్ వాచీ కూడా అంతే. అది ఏదో ఒక చేతికి ఉందని వాచీకి తెలుసు గానీ, ఆ చెయ్యి ఎవరిదో తెలీదు. లోపలున్న యాక్సిలరోమీటర్, జైరోస్కోప్ అనే కదలికల సెన్సర్లు చెయ్యి ఊపునీ అడుగు లయనీ ఎలాగూ కొలుస్తూనే ఉంటాయి. నడుముకి పెట్టిన యాక్సిలరోమీటర్‌తో నడకని బట్టి మనిషిని గుర్తుపట్టొచ్చని ఫిన్లాండ్ పరిశోధకులు 2005లోనే చూపించారు. పిన్ తీసేసి దీన్నే వాడాలంటాను.

కాకినాడ_పద్మ: రావు గారూ, నేను ఫిజియోథెరపిస్ట్‌ని. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లని రోజూ నడిపిస్తాను. వాకర్ పట్టుకున్న మనిషికి రెండు చేతులూ పిడుల మీదే ఉంటాయి, ఊపు అనేదే ఉండదు. వాచీ ఏం చదువుతుంది? వాకర్ నుంచి కర్రకి వచ్చేసరికి నడక మళ్లీ మారిపోతుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి మందు పడకముందు ఒక నడక, పడ్డాక ఇంకో నడక.

సుధ_వైజాగ్: కొత్త చెప్పులు వేసుకున్నా మారుతుంది కదా?

ఎంబెడెడ్_రావు: మారిన నడకని సాఫ్ట్‌వేర్ మెల్లగా నేర్చుకుంటుంది పద్మ గారూ.

కోడ్_కిరణ్: మెల్లగా నేర్చుకునేదైతే, ఇంట్లో ఇంకొకరు రోజూ కాసేపు పెట్టుకుంటే వాళ్లనీ నేర్చుకుంటుంది. పైగా 2015లో అమెరికాలో పరిశోధకులు ట్రెడ్‌మిల్ మీద వేగం, అడుగు పొడవు సరిచేయిస్తూ ఒకరిని ఇంకొకరిలా నడిపించి ఇలాంటి వ్యవస్థనే మోసం చేశారు. పిన్ పోతే మార్చుకుంటాం. నడక పోతే?

ఎంబెడెడ్_రావు: ట్రెడ్‌మిల్ పెట్టుకుని దొంగతనం ఎవడు చేస్తాడండీ!

పలాస_అబ్బాయి: మా అమ్మ జీడిపిక్కలు ఒలిచే పని చేసేది. ఆ జీడి రసానికి వేళ్లు నల్లబడి, తోలు ఊడి, గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపు మెషీన్ మీద ఒక్కో వేలూ పెట్టి, తుడిచి, మళ్లీ పెట్టేది. వేలిముద్ర పడేది కాదు. ఊరంతా ఎరిగిన మనిషి, అయినా వెనక్కి పంపేవారు.

ఎంబెడెడ్_రావు: తమ్ముడూ, ఇక్కడ వేలిముద్రల సంగతి కాదు మాట్లాడేది. ఏ విషయం ఎత్తినా ఆ గొడవ దగ్గరికే తెస్తారు.

పలాస_అబ్బాయి: మీకది గొడవ. మాకది ఆ నెల బియ్యం.

ఎంబెడెడ్_రావు: సరే, నా బాధ కూడా వినండి. మా నాన్నగారికి ఫోన్ చేసి, మాయమాటలు చెప్పి ఓటీపీ చెప్పించుకున్నారు. డబ్బంతా పోయింది. బ్యాంకుకి వెళితే "ఓటీపీ మీరే చెప్పారు, బాధ్యత మీదే" అన్నారు. రహస్యం ఏదైనా చెప్పించుకోగలరు. నడకని ఫోన్‌లో ఎవడూ చెప్పించుకోలేడు. నేను పిన్ వద్దంటున్నది అందుకే.

కాకినాడ_పద్మ: మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ చూడండి, బ్యాంకు ఓటీపీని నమ్మింది, ఆయన మాట నమ్మలేదు. రేపు ఏదైనా జరిగితే "నడిచింది మీరేనని వాచీ చెప్పింది" అంటారు. అప్పుడు కాదని ఎలా నిరూపిస్తారు? ఓటీపీ విషయంలో కనీసం మోసపోయానని చెప్పుకోవచ్చు.

కోడ్_కిరణ్: అసలు తేడా ఇక్కడుంది.

ఎంబెడెడ్_రావు: పెద్ద మొత్తాలకి నడక, పిన్ రెండూ ఉండాలంటే ఒప్పుకుంటాను. పిన్ ఒక్కటే చాలంటే మాత్రం ఒప్పుకోను.

పలాస_అబ్బాయి: రెండూ అంటే ఆగిపోయే చోట్లు రెండవుతాయి. మెషీన్ కాదన్నప్పుడు మనిషి మాట విని, వేరే ఆధారం చూసి పని చేసిపెట్టే కౌంటర్ ఒకటి ఉండాలి. అది రూల్లో రాసిపెట్టాక నడక చూసుకోమనండి.