పళ్లు కదలడానికి కారణం ఫ్లోరైడ్ నీళ్లా, షుగరా?

ప్రశ్న (పామూరు రోడ్డు):
మాది కనిగిరి దగ్గరి పల్లె. అరవై దాటిన మా అమ్మకు చాలాకాలంగా షుగర్ ఉంది. ఈమధ్య కింది పళ్లు కదులుతున్నాయి. పొద్దున పళ్లు తోముకుంటే ఉమ్మిలో నెత్తుటి జీర కనిపిస్తోంది. చిన్నప్పుడు చేదబావి నీళ్లు తాగినందువల్ల ఆమె పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి కనుక, ఇదంతా ఫ్లోరైడ్ చేసిన పనేనని, దీనికి మందు లేదని బంధువులు తేల్చేశారు. షుగర్ చూసే డాక్టరుగారు మాత్రం, మాత్రలు పెంచినా మూడు నెలల సగటు తగ్గకపోవడంతో, ముందు చిగుళ్లు చూపించుకొని రమ్మన్నారు. చిగుళ్లకూ షుగర్‌కూ సంబంధమేమిటి? గార తీయిస్తే ఉన్న పళ్లు కూడా వదులవుతాయనడం నిజమేనా?

జవాబు (దంతవైద్యురాలు, నెల్లూరు):
మీ బంధువులు రెండు వేర్వేరు జబ్బులను ఒకే గాటన కట్టారు. ఫ్లోరైడ్ మచ్చలు పళ్లు లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపు పడతాయి. ఆ తర్వాత అవే నీళ్లు తాగినా పళ్ల మీద కొత్తగా రావు. ఈ వయసులో పళ్లు కదలడానికి ఎక్కువగా కారణమయ్యేది చిగుళ్ల జబ్బు. చిగురు అంచున పేరుకున్న పాచి గట్టిపడి గార అవుతుంది. దాని మాటున సూక్ష్మజీవులు పెరిగి, చిగురు వాచి, పన్నును పట్టి ఉంచే ఎముక క్రమంగా కరిగిపోతుంది. గార తీశాక కదలిక ఎక్కువైనట్టు అనిపించేది, అప్పటిదాకా పళ్లను ఒకదానికొకటి అంటించి ఉంచిన గార పోవడం వల్లనే తప్ప, చికిత్స పన్నును వదులు చేసినందువల్ల కాదు.

షుగర్‌తో సంబంధం రెండువైపులా నడుస్తుంది. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా మానవు; చిగుళ్ల వాపు నుంచి రక్తంలోకి చేరే రసాయనాలు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. చిగుళ్లకు చికిత్స చేయించుకున్న షుగర్ రోగులకు మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (మీ డాక్టరుగారు చూసే మూడు నెలల షుగర్ సగటు) సగటున 0.4 శాతం వరకు తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. అది మాత్రలు మానేయగలిగినంత తగ్గుదల కాదు, తీసిపారేయదగినదీ కాదు. చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో గుండె జబ్బులు కూడా ఎక్కువగానే కనిపిస్తాయి గానీ, ఒకటి రెండోదానికి కారణమని రుజువు కాలేదు. ఆ పేరుతో భయపెట్టేవారిని పట్టించుకోనక్కరలేదు.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, పొదిలి):
డాక్టరమ్మగారి మాటకు ఒకటి చేర్చాలి. పళ్ల విషయంలో ఫ్లోరైడ్‌ను పక్కన పెట్టినా, అమ్మగారి మోకాళ్ల, నడుము నొప్పుల విషయంలో పక్కన పెట్టకూడదు, ఎందుకంటే పెద్దవారిలో అది ఎముకలను పట్టుకుంటుంది. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు 1937లో వెలుగులోకి తెచ్చింది నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లాలోనివే. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఫరవాలేదని మన ప్రమాణం. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే, వాళ్లకైనా ముందుగా ఆర్వో నీళ్లు పట్టించండి.

పామూరు రోడ్డు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక సందేహం. పళ్లు కదలడం మొదలైనప్పటి నుంచి అమ్మ సజ్జ రొట్టె, వేరుశనగలు మానేసి, మూడు పూటలా మెత్తటి తెల్లన్నమే మజ్జిగలో పిసుక్కుని తింటోంది. షుగర్ పెరగడానికి ఇదీ కారణమై ఉంటుందా?

జవాబు (దంతవైద్యురాలు, నెల్లూరు):
తప్పకుండా అయి ఉంటుంది, నా దగ్గరికి వచ్చే పెద్దవారిలో ఇది తరచుగా చూస్తుంటాను. రొట్టె వద్దనుకుంటే మెత్తగా ఉడికిన పప్పు, ఆకుకూర, గుడ్డు ఎక్కువగా, అన్నం తక్కువగా పెట్టండి. దంతవైద్యుడి దగ్గరికి ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి. టిఫిను తిని, మాత్ర వేసుకుని, షుగర్ రిపోర్టుతో ఉదయం పూట వెళ్లడం మంచిది. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి గానీ మీ అంతట మీరు ఆపకూడదు. కనిగిరిలో గార తీసే సౌకర్యం దొరక్కపోతే, నెల్లూరు చింతారెడ్డిపాళెంలో దంత వైద్య కళాశాల ఉంది. చిగుళ్లకు అక్కడ ప్రత్యేక విభాగమే ఉంటుంది.