ఎండలు ముదిరితే ఎం.డి.సి. పంపు సీళ్ళు వరసగా పోతున్నాయి: మీ ప్లాంట్లలో ఏం చేశారు?

కొండపల్లి_మెకానికల్:
అందరికీ నమస్కారం. కొండపల్లి ఐ.డి.ఎ. (పారిశ్రామికవాడ)లో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లో మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఎం.డి.సి., అంటే మిథిలీన్ డైక్లోరైడ్ అనే సాల్వెంట్ని, ట్యాంకు నుంచి రియాక్టర్లకు తోడే పంపు గురించి అడుగుతున్నా.

20 కె.ఎల్. (కిలోలీటర్ల) నిలువు ట్యాంకు, ఆరుబయట ఉంటుంది. కింద సెంట్రిఫ్యూగల్ పంపు, 2900 ఆర్.పి.ఎం., 30 మీటర్ల హెడ్ (ద్రవాన్ని ఎత్తగల ఎత్తు). షాఫ్టు చుట్టూ లీకు ఆపేది సింగిల్ మెకానికల్ సీలు; కార్బన్ ఫేసు, సిలికాన్ కార్బైడ్ ఫేసు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి; వాటిని చల్లబరిచే ఫ్లష్ పంపు డిశ్చార్జి నుంచే. చలికాలమంతా చుక్క కారదు. మార్చి చివర్లో మొదలవుతుంది. సీలు మారుస్తాం, కొద్ది రోజులకే మళ్ళీ లీకు. ఎప్పుడు పోయినా బి షిఫ్టులోనే, మధ్యాహ్నం రెండు దాటాకే పోతుంది.

అలైన్‌మెంట్ డయల్ గేజితో చూశాం, 0.05 మిల్లీమీటర్ల లోపే ఉంది. ఫ్లాంజి బోల్టులు వదులు చేసి చూశాం, పైపు లాగడం లేదు. బేరింగులు కొత్తవి. సీలు మేక్ మార్చేయమని పైనుంచి ఒత్తిడి. మేక్ మారిస్తే తీరుతుందా ఇది?

ఆటోనగర్_ల్యాపింగ్:
పోయిన సీలు ఫేసులు దాచారా? పారేసి ఉంటే ఈసారి నుంచి దాచండి, సగం సంగతి అక్కడే తెలుస్తుంది. కార్బన్ అంచులు చిన్న చిన్న పెచ్చులుగా ఊడాయా? సిలికాన్ కార్బైడ్ ఫేసు మీద మధ్య నుంచి బయటికి సన్నటి గీతలు, వేడి పగుళ్ళు ఉన్నాయా? ఓ-రింగు (O ఆకారపు సీలింగ్ రింగు) ఉబ్బిందా, గట్టిపడిందా? మా షాపుకి వచ్చే సీళ్ళలో ఎక్కువ భాగం సీలు తప్పు కాదు, పంపు నడిచిన తీరే తప్పు. ఫిట్టర్లు ఆత్రంగా కొత్తది బిగించేసి పాతదాన్ని స్క్రాపులో వేసేస్తారు. దాంతో పాటు కారణం కూడా స్క్రాపులోకే పోతుంది.

కొండపల్లి_మెకానికల్:
రెండు సెట్లు స్టోర్సులో దొరికాయండీ. మీరన్నట్టే ఉంది. కార్బన్ బయటి అంచు చుట్టూ పెచ్చులు, రెండో ఫేసు మీద గీతలు. ఓ-రింగు టెఫ్లాన్ తొడుగుది, బాగానే ఉంది.

పంపుల_మాస్టారు:
అయితే ఫేసుల మధ్య ద్రవం నిలవడం లేదు, ఆవిరైపోతోంది. మేక్ సంగతి కాసేపు పక్కన పెట్టు తమ్ముడూ.

ఎం.డి.సి. మరిగేది 39.6 డిగ్రీల దగ్గర. మే నెలలో మన కొండపల్లి వైపు ఎండ ఎంతో నీకు చెప్పక్కర్లేదు. నీళ్ళు తోడే పంపుకి 45 డిగ్రీల గాలి లెక్కే కాదు, ఎం.డి.సి.కి మాత్రం అది మరిగే వేడి. చాలామంది ఎన్.పి.ఎస్.హెచ్. (పంపులోకి చేరేచోట ద్రవం ఆవిరి కాకుండా ఉంచే హెడ్) లెక్క పంపు కొన్నరోజు ఒకసారి వేసి ఫైల్లో పెట్టేస్తారు. దాన్ని ఎండాకాలం ఉష్ణోగ్రతకి మళ్ళీ వేయాలి.

ట్యాంకుకి వెంటు (గాలి గొట్టం) తెరిచే ఉందనుకుంటా. వాతావరణ పీడనం ద్రవాన్ని పంపులోకి నెడుతుంది, ద్రవం ఆవిరి పీడనం దానికి అడ్డుపడుతుంది. ఈ రెంటి తేడా ఎం.డి.సి. మీటర్లలో చూడు: 20 డిగ్రీల దగ్గర సుమారు 4 మీటర్లు, 30 దగ్గర రెండున్నరకి కొంచెం తక్కువ, 35 దగ్గర ఒకటింబావు. 40 దగ్గర సున్నా. అప్పుడు వాతావరణం నీకు చేసే సాయం ఏమీ ఉండదు. ట్యాంకులో మట్టం ఎంత ఎత్తుందో అదొక్కటే దిక్కు, అందులోంచి పైపు ఘర్షణ మళ్ళీ తీసేయాలి.

ఈ వివరాలు పంపించు: మధ్యాహ్నం మట్టం పంపు సెంటరు కన్నా ఎంత పైన ఉంటోంది? సక్షన్ (ట్యాంకు నుంచి పంపులోకి వచ్చే) పైపు సైజు, పొడవు, ఎల్బోలు ఎన్ని? పంపు కర్వులో ఎన్.పి.ఎస్.హెచ్. ఎంత అడుగుతోంది? ట్యాంకు లోపలి ఉష్ణోగ్రత ఎంత?

కొండపల్లి_మెకానికల్:
చూసి చెబుతున్నా మాస్టారూ. పంపు అడిగేది 2 మీటర్లు. సక్షన్ రెండంగుళాల పైపు, మధ్యలో స్ట్రైనర్. ఘర్షణ లెక్క 0.6 మీటరు వచ్చింది, అదీ స్ట్రైనర్ శుభ్రంగా ఉన్నప్పుడు. పొద్దున బ్యాచ్‌లకి తోడేసరికి మధ్యాహ్నానికి మట్టం పంపు కన్నా 0.8 మీటరే పైన ఉంటోంది. ట్యాంకులో నిన్న మధ్యాహ్నం మూడింటికి 36 డిగ్రీలు. ఎండలో పరుగెత్తే సక్షన్ పైపు పైన చెయ్యి పెట్టలేం.

పంపుల_మాస్టారు:
ఇంకేం. 35 దగ్గరే లెక్క వేసినా ఒకటింబావు, దానికి 0.8 కలిపి 0.6 తీసేస్తే 1.45 మీటర్లు. పంపు అడిగేది 2. చలికాలం 20 డిగ్రీల దగ్గర ఇదే మట్టానికి 4.2 మీటర్లు ఉండేది, అందుకే అప్పుడు నోరెత్తలేదు. పంపు దగ్గర నిలబడి విను, లోపల కంకర తిరుగుతున్నట్టు శబ్దం వస్తుంది. ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) విప్పితే కన్ను (ద్రవం లోపలికి వచ్చే రంధ్రం) దగ్గర గుంటలు పడి ఉంటాయి.

ఇంకో గుర్తు యాంపియర్లు. ఎం.డి.సి. సాంద్రత 1.33. కాబట్టి నీళ్ళతో నడిచినప్పటి కన్నా పంపు లాగే పవరు మూడో వంతు ఎక్కువ ఉండాలి. డెలివరీ గేజి కూడా 30 మీటర్లకి 3 కేజీల ప్రెజర్ (చదరపు సెంటీమీటరుకి) కాదు, దాదాపు 4 చూపాలి. గేజి ముల్లు ఊగుతూ, యాంపియర్లు పడుతూ లేస్తూ ఉంటే పంపు ఆవిరి మింగుతున్నట్టే.

బి_షిఫ్ట్_ఆపరేటర్:
మాది వేరే యూనిట్, ఇదే ఏరియా. ఆపరేటర్ వైపు నుంచి ఒక మాట చెబుతానండీ. మెయింటెనెన్స్ వాళ్ళకి పంపు ఆగాకే ఫోన్ వస్తుంది, నడిచేటప్పుడు జరిగేది మేం చూస్తాం. రియాక్టర్ మీద ఛార్జింగ్ వాల్వు తెరవడానికి పైన మనిషి ఇంకా చేరడు, కింద పంపు స్టార్ట్ చేసేస్తారు. డెలివరీ మూసి ఉంచి ఐదు నిమిషాలు, పది నిమిషాలు తిరుగుతుంది. ఆ మోటారు పవరంతా కేసింగ్‌లో ఉన్న కొద్దిపాటి ద్రవంలోకి వేడిగా దిగుతుంది. లోపల 36 ఉన్న సరుకు 40 దాటడానికి ఎంతసేపు పడుతుంది? మీ దగ్గర కూడా ఇది జరుగుతోందేమో కనుక్కోండి.

పంపుల_మాస్టారు:
మంచి మాట చెప్పావు బాబూ. పైగా ఎం.డి.సి. విశిష్టోష్ణం నీళ్ళలో మూడో వంతు కూడా లేదు. అదే వేడి ఇస్తే, కిలోకి కిలో, నీళ్ళకన్నా మూడు రెట్లు పైగా వేగంగా వేడెక్కుతుంది. మూసిన డెలివరీతో తిప్పడం దీనికి పనికిరాదు. ఇంకోటి, శబ్దం తగ్గించడానికని కొందరు సక్షన్ వాల్వు నొక్కుతారు. అది ఎప్పుడూ చేయకూడదు. నొక్కితే డెలివరీ వైపే కొంచెం నొక్కాలి.

గుంటూరు_సాల్వెంట్:
మాది పత్తి గింజల నూనె, హెక్సేన్ ప్లాంటు, గుంటూరు దగ్గర. హెక్సేన్ 69 డిగ్రీల దాకా మరగదు కాబట్టి మాకు ఇంత ఇరుకు లేదు. కానీ రోహిణి కార్తెలో మాకూ కండెన్సర్లు చేతులెత్తేస్తాయి. కూలింగ్ టవర్ తడి బల్బు ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది) కన్నా కిందికి నీళ్ళని చల్లబరచలేదు, తీరప్రాంతం తేమకి అదే 28 దగ్గర ఉంటుంది. వెంటు దగ్గర వాసన పెరిగిందంటే సరుకు గాల్లో కలుస్తున్నట్టు.

మేం చేసింది చాలా మామూలు పని. సక్షన్ లైనుకి ఇన్సులేషన్, పైన అల్యూమినియం రేకు. ట్యాంకుకి తెల్ల పెయింటు, నెత్తిన నీళ్ళు చల్లే రింగు. ట్రాన్స్‌ఫర్లన్నీ తెల్లవారుజాము నాలుగు నుంచి ఎనిమిది మధ్యకి మార్చాం. ప్రొడక్షన్ వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. సాల్వెంట్ స్టాక్ నష్టం లెక్క నెల చివర ముందు పెట్టాక ఒప్పుకున్నారు.

ఇబ్రహీంపట్నం_ప్రాజెక్ట్స్:
పంపుని కిందికి దించితే సరిపోదా? ఒక మీటరున్నర గుంత తీసి అందులో పెడితే మట్టం తేడా అంత పెరుగుతుంది. లేదంటే ట్యాంకులో నైట్రోజన్‌తో ప్రెజర్ పెట్టొచ్చు.

పంపుల_మాస్టారు:
నైట్రోజన్ సంగతి: అట్మాస్ఫెరిక్ ట్యాంకు తట్టుకునేది మిల్లీమీటర్ల నీటి ప్రెజరే. 200 మిల్లీమీటర్లు ఇచ్చినా ఎం.డి.సి. లెక్కలో వచ్చేది 150. దానికోసం ట్యాంకు కప్పు పైకి లేపుకోవడం ఎవరూ చేయకూడని పని. తేమ రాకుండా ద్రవం పైన కప్పే బ్లాంకెటింగ్‌కి నైట్రోజన్ మంచిదే, తోపుడుకి కాదు.

సేఫ్టీ_కృష్ణా:
గుంత ఆలోచన దయచేసి వదిలేయండి. ఎం.డి.సి. ఆవిరి గాలికన్నా దాదాపు మూడు రెట్లు బరువు, నేరుగా గుంతలోకే దిగి నిలబడుతుంది. సీలు కారే పంపు దగ్గరికి స్పానర్‌తో దిగే ఫిట్టర్ అక్కడే పడిపోతాడు, వాడిని లాగడానికి దిగినవాడూ పడిపోతాడు. ఇలా జరిగాకే మనవాళ్ళు నేర్చుకోవాలా?

సీలు మార్చేవాళ్ళ కోసం ఇంకొన్ని. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పరిమితి ఎనిమిది గంటల షిఫ్టుకి గాలిలో 25 పి.పి.ఎం. (పది లక్షల్లో 25 వంతులు). తీపి వాసన ముక్కుకి తెలిసేసరికే అంతకు ఎన్నో రెట్లు దాటిపోయి ఉంటుంది. కాబట్టి వాసన రావట్లేదు కదా అని మాస్కు తీయకండి. ఒంట్లోకి వెళ్ళిన ఎం.డి.సి. కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి మరీ ప్రమాదం. స్టోర్స్ ఇచ్చే మామూలు నైట్రైల్ గ్లవ్స్‌లోంచి నిమిషాల్లో దిగిపోతుంది. పి.వి.ఎ. (పాలీవినైల్ ఆల్కహాల్) లేదా లామినేట్ గ్లవ్స్ అడిగి తీసుకోండి. పంపు డ్రెయిన్ చేసి, సక్షన్ డెలివరీ రెండూ బ్లైండ్ (మూత ప్లేటు) పెట్టి, బ్రేకర్‌కి తాళం వేసి, పర్మిట్ చేతిలో పట్టుకునే ఫ్లాంజి విప్పాలి. ఎండలో ఉన్న లైనులో ప్రెజర్ చిక్కుకుని ఉంటుంది, బోల్టు వదులు చేస్తే మొహం మీదికి చిమ్ముతుంది. ముందు అవతలి వైపు బోల్టు వదులు చేయండి.

ట్యాంకు ఉష్ణోగ్రత అన్నారు కాబట్టి: థర్మామీటర్ ట్యాంకు అడుగున ఒక్కటే ఉందా? 2020 మే 7న విశాఖ ఎల్.జి. పాలిమర్స్ స్టైరీన్ ట్యాంకులో అడుగు ఉష్ణోగ్రతే తెలుస్తోంది, పైన ఎంత వేడెక్కిందో చూపే సాధనం లేదు. 12 మంది పోయారు. ఎం.డి.సి. స్టైరీన్ లాగా తనంతట తాను పాలిమర్‌గా మారదు, కానీ పైన ఒక ప్రోబ్ పెట్టమని అడగడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు.

ఆటోనగర్_ల్యాపింగ్:
సీలు విషయానికి వస్తే, సింగిల్ సీలు ఈ సర్వీసుకి ఎండాకాలం కష్టమే. డబుల్ సీలు పెట్టి ప్లాన్ 53 (సీలుకి ద్రవం అందించే ఒక స్టాండర్డ్ పద్ధతి) ఇస్తే మధ్యలో బ్యారియర్ ద్రవం ప్రెజర్ పంపు కన్నా పైన ఉంటుంది. ఫేసుల మధ్య ఉండేది బ్యారియర్ ద్రవమే, ఎం.డి.సి. కాదు. లీకైనా బయటికి ఎం.డి.సి. రాదు. ప్లాన్ 52లో మధ్య ద్రవం, అంటే బఫర్‌కి ప్రెజర్ ఉండదు కాబట్టి లోపలి ఫేసుల మధ్య మళ్ళీ ఎం.డి.సి.నే, మళ్ళీ అదే పెచ్చులు. ఖర్చు తక్కువని 52 తీసుకోకండి.

పంపుల_మాస్టారు:
ఒప్పుకుంటా, కానీ డబుల్ సీలు ఇంపెల్లర్‌ని కాపాడదు. లోపల కావిటేషన్ (ఆవిరి బుడగలు పుట్టి పగలడం) అలాగే ఉంటే షాఫ్టు వణుకుతుంది, బేరింగులు పోతాయి, ఆ ఖరీదైన సీలూ పోతుంది. ముందు సక్షన్ బాగుచేసి తర్వాత సీలు కొను. సీలు లేని మాగ్నెటిక్ డ్రైవ్ పంపు పెడదామని ఎవరైనా అంటే, అది ద్రవం లేని డ్రై రన్నింగ్‌కి ఇంకా తొందరగా పోతుందని చెప్పు. అండర్‌లోడ్ రిలే (లోడు పడిపోతే మోటారు ఆపేది) లేకుండా అది పెట్టకూడదు.

కొండపల్లి_మెకానికల్:
మా ఆపరేటర్లతో మాట్లాడాను. మూసిన డెలివరీతో తిప్పడం మా దగ్గరా ఉంది. ఇప్పుడు రియాక్టర్ ఫ్లోర్ నుంచి వాల్వు తెరిచామని వాకీటాకీలో చెప్పాకే స్టార్ట్ బటన్ నొక్కాలని షిఫ్టు ఇన్‌ఛార్జి లాగ్‌బుక్‌లో రాశారు. ట్యాంకు సగం కిందికి దిగితే మధ్యాహ్నం తోడకూడదు, టాపప్ చేశాకే తోడాలి. దానితోనే ఒకటిన్నర మీటరు దాకా కలిసొస్తుంది, పైసా ఖర్చు లేదు. సక్షన్ రెండంగుళాల నుంచి మూడంగుళాలకి మార్చమని రాసిచ్చా, ఘర్షణ ఏడో వంతుకు పడుతుందని లెక్క చూపించా. ఇన్సులేషన్ వాళ్ళు సోమవారం వస్తారు. అండర్‌లోడ్ రిలేకి ఇండెంట్ పెట్టాను. ప్లాన్ 53 కొటేషన్ తర్వాత.

కిందటి వారం నుంచి బ్యాచ్‌లు వేకువనే తోడుతున్నాం. గేజి ముల్లు 3.9 దగ్గర కదలకుండా ఉంది.

గుంటూరు_సాల్వెంట్:
మూడంగుళాల లైనుని పంపుకి కలిపే రెడ్యూసర్ ఒకవైపు చదునుగా ఉండే ఎక్సెంట్రిక్‌దే వేయించండి, చదునైన వైపు పైకి రావాలి. అన్నివైపులా సమానంగా సన్నబడే కాన్సెంట్రిక్ వేస్తే పంపు ముందు పైభాగాన ఆవిరి గూడు కట్టి నిలుస్తుంది. వెల్డర్‌కి నోటితో చెప్పి వదలకండి, డ్రాయింగులో గీసివ్వండి.

ఆటోనగర్_ల్యాపింగ్:
దాచిన ఆ రెండు సెట్లు తీసుకురండి. సిలికాన్ కార్బైడ్ పగులు లోతుగా లేకపోతే ల్యాప్ చేసి (నున్నగా రుద్ది) మూడు లైట్ బ్యాండ్ల (చదును కొలిచే కాంతి చారల) లోపు చదును చేయొచ్చు. కార్బన్ మాత్రం కొత్తదే వేయాలి.